సంకల్పంలో దేశం, దానంలో దేశం



ఆలయంలో పూజకు కూర్చున్న గృహస్థు చేత అర్చకుడు ముందుగా చేయించేది సంకల్పం. ఆచమన ప్రాణాయామాలు ముగిసిన పిదప, తాను ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, ఏ నదుల నడుమ, ఏ సంవత్సర అయన ఋతు మాస పక్ష తిథి వారాలలో, ఏ గోత్రంలో పుట్టి, ఏ పేరుతో ఈ కర్మ చేస్తున్నాడో యజమాని చెప్పుకొంటాడు. దేశకాలాలు చెప్పని కర్మ ఊరూ పేరూ వ్రాయని ఉత్తరం వంటిదని మా గురువుగారు అనేవారు. మనం జంబూద్వీపం, భరతవర్షం అని చెప్పుకొంటాము. అమెరికాలో మనవారు కట్టుకొన్న ఆలయాలలో కొందరు అర్చకులు క్రౌంచద్వీపం, రమణకవర్షం అని చెప్పడం వాడుకలోకి వచ్చింది. పురాణాలలోని ఆ ద్వీపం నేటి అమెరికాయేనా అనే వాదంలోకి ఇప్పుడు వెళ్లను. ఎక్కడ కూర్చుంటే అక్కడి పేరే చెప్పుకోవాలన్న నియమాన్ని వారు పాటించారు, అది మెచ్చదగినదే.

గత మాఘమాసంలో అమెరికా నుంచి వచ్చిన దంపతులు పూజ ముగించుకొని, ప్రసాదం తీసుకొని, మండపంలో నా దగ్గర కొంతసేపు కూర్చున్నారు. భర్త స్వగ్రామం ఇక్కడికి నలభై మైళ్ల దూరం. ఆయన తల్లిగారు 2021 మే నెలలో, కరోనా రెండవ విజృంభణలో, ఊపిరి అందక పోయారు. ప్రయాణ ఆంక్షల మూలంగా కొడుకు కడచూపుకైనా రాలేకపోయాడు. కర్మ కూడ తమ్ముడే చేశాడట. "గురువుగారూ! అమ్మ పేరు మీద మా ఊరి ఆసుపత్రికి ప్రాణవాయువు యంత్రాలు నాలుగు పంపుదామనుకొంటున్నాను. ఎక్కడో ఉండి పంపిన దానానికి ఇక్కడ ఫలం ఉంటుందా?" అని అడిగాడు.

"ఫలం మాట తరువాత, నాయనా. ఆ యంత్రాలు కావాలని ఆసుపత్రివారు అడిగారా?" అన్నాను.

అతడు మాట్లాడలేదు. ఆ అమ్మాయి నేలవైపు చూసింది. తల్లిని పోగొట్టుకొన్నవాడితో అలా అనకుండా ఉండవలసిందేమోనని ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ప్రశ్న తప్పు కాదు. దాన్ని వివరించకుండా వదలివేయడం తప్పు. ఆ వివరణే ఈ వ్యాసం. మన దేవస్థానానికి వచ్చే ప్రవాసులు అనేకులు ఇటువంటి సందేహమే అడుగుతూ ఉంటారు గనుక అందరికీ పనికి రావచ్చు.

మొదట ఒక అపోహ తొలగించాలి. దేవాలయానికి ఇస్తేనే ధర్మం, ఆసుపత్రికి ఇస్తే అది లౌకికమైన సాయం అని మనలో కొందరు అనుకొంటారు. శాస్త్రం అలా విడదీయలేదు. యజ్ఞయాగాదులు ఇష్టమనీ, బావులు, చెరువులు, దేవాలయాలు, తోటలు, అన్నప్రదానం పూర్తమనీ పెద్దలు చెప్పారు. హేమాద్రి పండితుని చతుర్వర్గచింతామణిలోని దానఖండంలో ఆరోగ్యదానానికి స్థానం ఉంది. గ్రంథాల దాకా ఎందుకు? గుంటూరు ప్రాంతంలో, నేటి అమరావతి పరిధిలోని మందడానికి దగ్గరగా, మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉన్నది. కాకతి గణపతిదేవుడు, ఆయన కుమార్తె రుద్రమదేవి తమ గురువైన విశ్వేశ్వరశంభువుకు మందడం, వెలగపూడి గ్రామాలు ఇచ్చిన సందర్భం అది. ఆ గ్రామాల ఆదాయంతో ఆచార్యుడు నడిపిన ధర్మాలలో శివాలయం ఉంది, మఠం ఉంది, విద్యార్థులకు చదువు ఉంది, అన్నసత్రం ఉంది. వాటి సరసనే ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. ఒకే రాతి మీద, ఒకే ఆదాయంలో నుంచి, దేవునికీ పురిటిబిడ్డకూ వాటా.

ఈ విశ్వేశ్వరశంభువు తెలుగువాడు కాడు. గౌడదేశం, అంటే నేటి వంగప్రాంతం నుంచి వచ్చినవాడు. పరదేశంలో స్థిరపడి, అక్కడ సంపాదించిన గౌరవంతో అక్కడి బాలింతల గురించి ఆలోచించాడు. నేడు మన పిల్లలు పరదేశంలో సంపాదించి ఇక్కడి బాలింతల గురించి ఆలోచిస్తున్నారు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో మాతాశిశు విభాగానికి నిధులు సమకూర్చారు. ఆ ప్రసూతిశాల ఉండిన చోటికి ఇది కూతవేటు దూరం కాకపోయినా ఒక పూట ప్రయాణం కూడ లేదు.

ఇక అసలు విషయం. భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో శ్రీకృష్ణపరమాత్మ దానాన్ని మూడు విధాలుగా చెప్పాడు. తిరిగి మేలు చేయలేని వానికి, ఇవ్వవలసినదే అన్న బుద్ధితో, తగిన దేశంలో, తగిన కాలంలో, తగిన పాత్రకు ఇచ్చినది సాత్త్వికం. ప్రతిఫలం కోరి, మనసులో కష్టపడుతూ ఇచ్చినది రాజసం. దేశకాలపాత్రలు చూడక, అవమానిస్తూ ఇచ్చినది తామసం. ఇక్కడ దేశమంటే కురుక్షేత్రం వంటి పుణ్యస్థలమనీ, కాలమంటే సంక్రాంతి మొదలైన పుణ్యకాలమనీ, పాత్రమంటే సాంగంగా వేదం చదివిన విప్రుడు మొదలైనవాడనీ శంకర భగవత్పాదులు భాష్యంలో వివరించారు. దానికి నేను ఎదురు చెప్పబోవడం లేదు. అయితే ఆకలిగొన్నవానికి అన్నం పెట్టేటప్పుడు పాత్రాపాత్ర విచారం అక్కరలేదని, ఆకలే అతని అర్హత అని కూడ ధర్మజ్ఞులు చెప్పారు. అంటే ఆపదలో దానానికి కొలత మారుతుంది. అప్పుడు దేశమంటే పుచ్చుకొనేవాడు నిలబడ్డ నేల. కాలమంటే అతని అవసరం ఎంతసేపు ఆగగలదో అంత సేపు. ఇది నా విస్తరణ మాత్రమే, భాష్యకారుల మాట కాదు. నేను పుస్తకంలో కాక బురదలో నేర్చుకొన్న అర్థం ఇది.

1977 నవంబరు 19, శనివారం, కార్తిక శుద్ధంలో, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం నిలువెత్తు గోడలా లేచి కృష్ణానది ముఖద్వారంలోని గ్రామాలను ఊడ్చివేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల ప్రాణాలు. పశువుల సంగతి చెప్పనలవి కాదు. అప్పటికి నేను పక్క ప్రాంతంలోని సంస్కృత పాఠశాలలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుణ్ణి. నలుగురం కలిసి, ఊరివారు పోగుచేసిన బియ్యం బస్తాలతో ఎడ్లబండి మీద బయలుదేరాము. అవనిగడ్డ దాటిన తరువాత బండి సాగలేదు, బస్తాలు భుజాన వేసుకొని నడిచాము. వంతులవారీగా అందరికీ బియ్యం కొలిచి ఇస్తున్నాము. ఒక ముసలమ్మ వంతు వచ్చింది. కొంగులో బియ్యం పోయించుకొని, కదలకుండా అక్కడే నిలబడింది. "ఏమమ్మా, చాలలేదా?" అన్నాను. "బియ్యం పోశారు బాబూ, దేంట్లో వండుకోను?" అంది.

ఆమెకు కుండ లేదు. ఊరంతటికీ కుండ లేదు. పొడి కట్టె లేదు, అగ్గిపెట్టె లేదు. బావులన్నిటిలోనూ ఉప్పునీరు. మేము తెచ్చినది మంచి బియ్యం, భక్తితో తెచ్చినది, వేళకు తెచ్చినది. అయినా ఆమె ఆకలికి అది అన్నం కాలేదు. మరునాడు మాలో ఇద్దరు వెనక్కి వెళ్లి సత్తు గిన్నెలు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు తెచ్చారు. ఆ రాత్రికి మాత్రం అక్కడికి మూడు మైళ్ల దూరంలోని ఊరివారు, తమ ఇళ్ల కప్పులే ఎగిరిపోయినవారు, గంజి కాచి కావళ్లతో మోసుకువచ్చి పోశారు. మహాభారతం ఆశ్వమేధిక పర్వంలో ధర్మరాజు యాగాన్ని తప్పుపట్టిన ముంగిస కథ మీకు తెలిసినదే. ఉంఛవృత్తితో బ్రతికే బ్రాహ్మణుడు కరవులో తన కుటుంబం నోటిదాకా వచ్చిన పేలపిండిని అతిథికి పెట్టాడు. ఆ పిండి రాలిన నేల మీద పొర్లితే ముంగిస ఒళ్లు సగం బంగారమైంది. మిగిలిన సగం అశ్వమేధంలో కూడ కాలేదు. ఆ కథను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ కావళ్లు చూసిన తరువాత చెప్పినప్పుడల్లా గొంతు కొంచెం పట్టేసేది.

కొన్నాళ్లకు దూరప్రాంతాల నుంచి మూటలు మూటలుగా పాతబట్టలు వచ్చాయి. వాటిలో మోకాళ్ల దాకా ఉండే ఉన్నికోట్లు కూడ ఉన్నాయి. కృష్ణాతీరంలో ఉన్నికోటు! పంపినవారిని నవ్వను, చలిదేశాల వారికి చలిలో తడిసినవాడే కళ్లముందు మెదులుతాడు. కాని ఆ మూటలు విప్పి, ఏరి, పంచేందుకు మనుషులు కావాలి. ఆ మనుషులే బావులలోని ఉప్పునీరు తోడించవలసినవారు. అక్కరలేని దానం ఊరకే పడి ఉండదు, కావలసిన పని చేసే చేతులను ఆపుతుంది. ఈ సూక్ష్మం దూరాన ఉన్నవారికి కనబడదు, ఎంత మంచివారికైనా సరే.

ఆ ఉప్పెన వేళ తెలుగునాడంతా కదిలింది. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లంతటివారు జోలెపట్టి వీధులలో తిరిగి విరాళాలు సేకరించారు. ఉత్తర అమెరికాలోని తెలుగువారు న్యూయార్కులో తమ తొలి మహాసభ జరుపుకొన్నది కూడ ఆ 1977లోనే. అప్పటికి అక్కడ మనవారు కొద్దిమందే. అమెరికా తన వలసల చట్టాన్ని 1965లో మార్చిన తరువాత వెళ్లిన వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు ఎక్కువ. నేడు ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది.

అయితే ప్రవాసులంటే అమెరికావారే అనుకోవడం ఈ కాలపు అలవాటు. అంతకు ముందే మారిషస్ చెరకుతోటలకు, నాటాలుకు, ఫిజీకి, మలయాకు మనవారు కూలికి వెళ్లారు. ఉత్తర కోస్తా నుంచి బంగాళాఖాతం దాటి బర్మాకు వెళ్లినవారు లెక్కకు మిక్కిలి. రంగూను రేవులలో, ధాన్యం మిల్లులలో పనిచేసి వారు ఇంటికి పంపిన డబ్బు కరవు సంవత్సరాలలో ఎన్నో పొయ్యిలు వెలిగించింది. దానికి దానమని ఎవరూ పేరు పెట్టలేదు, ఏ రాతి మీదా చెక్కలేదు. తరువాత ఏమయింది? 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు ఎందరో అడవులలో నడిచి ప్రాణాలతో బయటపడ్డారు. 1960లలో అక్కడి ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మిగిలినవారిలో అనేకులు ఓడలెక్కి కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేటకు ఆ పేరు వచ్చింది అందుకే. పంపిన చేతులే చాచవలసి వచ్చాయి. దాత, పాత్రము అనేవి మనుషుల జాతులు కావు, కాలం ఇచ్చే వేషాలు. ఇది గుర్తుంటే ఇచ్చేటప్పుడు గొంతు పెరగదు.

మళ్లీ ఆ యంత్రాల విషయానికి వస్తాను. ఈ వ్యాసం కోసం ఇద్దరు వైద్యులను, ఒక విద్యుత్ ఇంజనీరును అడిగి తెలుసుకొన్నాను. గాలిలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు నత్రజని, ఇరవై ఒక పాళ్లు ప్రాణవాయువు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అనే ఈ యంత్రం గాలిని పీల్చి, జియోలైట్ అనే ఖనిజపు గుళికల గుండా పంపి, నత్రజనిని పట్టి ఉంచి, తొంభై పాళ్లకు పైగా ప్రాణవాయువు ఉన్న గాలిని నిమిషానికి అయిదు లీటర్లో పది లీటర్లో అందిస్తుంది. రోగం మధ్యస్థంగా ఉన్నవారికి ఇది వరం. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని నిమిషానికి పదుల లీటర్లు కావలసినవారికి ఇది చాలదు. పైగా ఇది సిలిండరు వంటిది కాదు. కరెంటు పోతే ఆగిపోతుంది.

2021 వేసవిలో విదేశాలలోని మనవారు ఈ యంత్రాలను విమానాలలో పంపించారు. ఎందరి ప్రాణాలో నిలిపారు, సందేహం లేదు. కేంద్రప్రభుత్వం కూడ ఏప్రిల్ 24న ప్రాణవాయువుకు, సంబంధించిన పరికరాలకు కస్టమ్స్ సుంకం ఎత్తివేసింది. మే 3న, ఉచితంగా పంచేందుకు దానంగా వచ్చే కరోనా సామగ్రిపై దిగుమతి జీఎస్టీని కూడ మినహాయించింది. కాలాన్ని గుర్తించిన నిర్ణయాలవి. కాని అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అక్కడి వాడకానికి చేసిన యంత్రాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజి సరిపోతుంది గాని హెర్ట్జుల తేడా పోదు, లోపలి మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. సంకల్పంలో క్రౌంచద్వీపమా జంబూద్వీపమా అని జాగ్రత్తగా చూసుకొనేవారము, యంత్రం కొనేటప్పుడు ఏ ద్వీపంలో పనిచేయాలో చూసుకోవద్దా? దానంలో దేశమంటే ఏమిటని అడిగితే ఇంతకంటె తేట అయిన ఉదాహరణ నాకు తోచదు.

ఔషధాలకూ ఇదే ధర్మం. మందుల విరాళాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు వ్రాసింది. పుచ్చుకొనేవారు కోరినవే పంపాలి. చేరేనాటికి కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలి. అక్కడి వైద్యులకు అర్థమయ్యే భాషలో చీటీ ఉండాలి. గడువు తీరవచ్చిన మందులను దానం పేరుతో వదిలించుకొంటే, వాటిని నాశనం చేసే ఖర్చు కూడ పుచ్చుకొన్నవారి నెత్తిన పడుతుంది. పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానమిస్తున్న తండ్రిని చూసి నచికేతుడు కలత చెందిన ఘట్టం కఠోపనిషత్తు మొదట్లోనే ఉంది. ఆ బాలుని సందేహం పాతబడలేదు.

క్రిందటి సంవత్సరం బంధువును చూడడానికి వెళ్లి ఒక ప్రభుత్వాసుపత్రి వసారాలో కూర్చున్నాను. మూలన గుడ్డ కప్పిన రెండు యంత్రాలు కనబడ్డాయి. గుడ్డ మీద దుమ్ము. గోడకు మాత్రం దాతల పేర్లతో చలువరాతి ఫలకం, నిగనిగలాడుతూ ఉంది. నర్సమ్మను అడిగితే "ఫిల్టర్లు మార్చాలండి, ఆ కంపెనీవి ఇక్కడ దొరకవు" అంది. ఆమె తప్పు ఏమీ లేదు.

మన పూర్వులు ఇది ముందే ఊహించారు. దాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలలో అఖండదీపాలకు ఇచ్చిన దానాలు అనేకం. దాతలలో వెలనాటివారు, కళింగంవారు, చోళదేశంవారు ఉన్నారు. మళ్లీ ఆ గుడికి రాగలరో లేదో తెలియని దూరస్థులు. వారు ప్రమిద ఇచ్చి పోలేదు, ఒక్కసారి నెయ్యి పోసి పోలేదు. దీపానికి ఇంత అని, సాధారణంగా యాభై చొప్పున, గొర్రెలను ఇచ్చారు. వాటిని ఒక బోయకు అప్పగించారు. అతడు, అతని సంతతి మందను మేపుకొని బ్రతుకుతూ రోజూ దీపానికి మానెడు నెయ్యి పోయాలి. ముసలివి పోతే పిల్లలు పెరుగుతాయి, మంద సంఖ్య తగ్గదు. అందుకే తమిళ శాసనాలలో వాటిని చావనివి, ముసలికానివి అన్న అర్థంలో పేర్కొన్నారు. దాత దూరాన ఉన్నా, కాలం చేసినా దీపం ఆగదు. ఇచ్చింది దీపం కాదు, దీపం వెలిగే ఏర్పాటు. ఒక మనిషికి జీవనం, ఒక మందకు మేత, స్వామికి వెలుగు ఒక్క దానంలో ఇమిడాయి. ఆసుపత్రికి యంత్రం ఇచ్చేవారు దాని వెల ఎంతో, అయిదేళ్ల మరమ్మతుకు, ఫిల్టర్లకు, నడిపేవాని జీతానికి ఎంతో కలిపి లెక్క వేసుకోవాలి. నాలుగు కొనగల సొమ్ము ఉంటే రెండు కొని, మిగిలినది మందగా విడవడం మేలు.

సొమ్ము కాక తమనే ఇచ్చుకొన్నవారూ ఉన్నారు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో నేత్రవైద్యాచార్యులుగా ఉండి, తిరిగివచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను స్థాపించారు. అక్కడ పేదలకు ఉచితంగా చూపు ఇస్తున్నారు. అందరూ తిరిగి రాలేరు, రమ్మని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏటా రెండు వారాలు వచ్చి ఇక్కడి వైద్యులకు కొత్త పద్ధతి నేర్పిపోయే వైద్యుడు కూడ ఆ దారిలోనివాడే.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి గురువు దానం ఎలా చేయాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వాలి, సంపదకు తగినట్లు ఇవ్వాలి, సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి, చివరగా సంవిత్తుతో ఇవ్వాలి అని. పుచ్చుకొనేవాడు కదా సిగ్గుపడవలసింది, ఇచ్చేవానికి సిగ్గెందుకు అని విద్యార్థులు అడిగేవారు. ఎంత ఇచ్చినా ఇంకా తక్కువే ఇస్తున్నానన్న సంకోచం అది అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు మరొక ఉదాహరణ దొరికింది. దుప్పటి ఇస్తూ, ఆ దుప్పటి అంచు పుచ్చుకొనేవాని చేతిలోనే నిలిపి, ఛాయాచిత్రం సరిగా పడేదాకా అతణ్ణి నిలబెట్టడం చూస్తున్నాము. విదేశంలో చందాలు వేసినవారికి సాక్ష్యం చూపాలి కదా అంటారు. సాక్ష్యం కావాలి, నిజమే. రసీదు ఉంది, ఖాతా పుస్తకం ఉంది, తనిఖీ చేసిన లెక్క ఉంది. పేదవాని ముఖం రసీదు కాదు.

సంవిత్తు అన్న మాటకు మైత్రి మొదలైనది అని శంకరులు అర్థం చెప్పారు. మిత్రుడు ఏం చేస్తాడు? ముందు అడుగుతాడు. ఏమి కావాలో తానే నిర్ణయించుకొని వచ్చేవాడు ప్రభువు కావచ్చు, మిత్రుడు కాలేడు. ఆ దంపతులను నేను ఆసుపత్రివారు అడిగారా అని అడిగినది ఈ మాటను తలచుకొనే.

ఇక రాజశాసనం. ధర్మమార్గంలో వచ్చిన సొమ్ముకే దానార్హత అని స్మృతులు చెబుతాయి గనుక, ఏ మార్గంలో పంపాలో కూడ తెలిసి ఉండాలి. మన దేవస్థానపు లెక్కలు చూసే ఆడిటరు గారిని అడిగి వ్రాస్తున్నాను. విదేశీ విరాళాల నియంత్రణకు 1976లో మొదట చట్టం వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2010 నాటిది. విదేశంలో ఉన్నప్పటికీ భారత పౌరసత్వం ఉన్నవారు తమ స్వార్జితం నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకొన్నవారు, ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, పంపేది విదేశీ విరాళమే. దాన్ని కేంద్ర హోంశాఖ వద్ద నమోదైన లేక అనుమతి పొందిన సంస్థ మాత్రమే పుచ్చుకోవచ్చు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాలోకే రావాలి. పుచ్చుకొన్న సంస్థ మరొక సంస్థకు దాన్ని బదిలీ చేయరాదు. కార్యాలయపు ఖర్చులు నూటికి ఇరవై మించరాదు. సొమ్ము మాత్రమే కాదు, విదేశం నుంచి దానంగా వచ్చే వస్తువులకూ చట్టం వర్తిస్తుంది. కాబట్టి ఊరిలో నలుగురు యువకులు ఉత్సాహంగా సంఘం పెట్టి, ఒకరి సొంత ఖాతాలోకి అమెరికా మిత్రుల చందాలు రప్పించడం ఎంత మంచి పనికైనా ప్రమాదం. తరువాత సంజాయిషీ చెప్పుకోవలసినది ఆ యువకులే, పంపినవారు కారు. నమోదు ఉన్నదో లేదో పంపేముందు చూసుకోవాలి.

ఆ దంపతులు ఫాల్గుణంలో నాకు ఉత్తరం వ్రాశారు. తిరుగు ప్రయాణానికి ముందు అబ్బాయి స్వయంగా వాళ్ల ఊరి ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మను కలిశాడట. ప్రాణవాయువు యంత్రాలు ప్రభుత్వం ఇచ్చినవే మూడు ఉన్నాయని ఆమె చెప్పింది. కరెంటు పోయినప్పుడు వాటిని నడిపే ఇన్వర్టరు బ్యాటరీలు పాడై ఎనిమిది నెలలైంది. ఇంకొకటి కూడ ఆమె కొంచెం మొహమాటంగా చెప్పిందట. నెలకొకసారి పరీక్షలకు వచ్చే గర్భిణీ స్త్రీలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడుతున్నారు. ఒక రేకుల పందిరి, కూర్చోవడానికి బల్లలు, మంచినీళ్ల కుళాయి ఉంటే చాలునని. యంత్రాల వెలలో సగం కూడ కాదు అది. మిగిలిన సొమ్మును బ్యాంకులో ఉంచి, దాని వడ్డీతో బ్యాటరీలు మార్చుతూ ఉండేటట్లు ఆసుపత్రి అభివృద్ధి సంఘంవారితో మాట్లాడుకొన్నారు. అబ్బాయి అమెరికా పౌరుడు, అమ్మాయి ఇంకా భారత పౌరురాలు. అందువల్ల, ఆడిటరు గారి సలహా మీద, ఆమె తన జీతం నుంచి తన ఖాతా ద్వారా పంపింది.

పందిరికి తల్లిగారి పేరు పెట్టాలా వద్దా అని ఉత్తరం చివర అడిగాడు. పెట్టుకో నాయనా, తల్లి పేరు పెట్టుకోవడంలో దోషం లేదు, అక్షరాలు మాత్రం చిన్నవిగా వ్రాయించు, పక్కనే బ్యాటరీలు చూసే మనిషి పేరు, ఫోను నంబరు పెద్దవిగా వ్రాయించు అని జవాబు వ్రాశాను.